వణికే బండిలో దొరవారిసత్రం దాకా

నెల్లూరు తీరంలో ఉన్న మూడు ప్రార్థన సహవాసాలను చూసి రావడానికి ఈ జనవరిలో మన సంఘం నుంచి నేనూ, మరియమ్మ గారూ మాత్రమే వెళ్లగలిగాం. రాలేకపోయినవాళ్ల కోసం చూసింది చూసినట్లు రాయమని మన పత్రిక పని చూసే సహోదరుడు అడిగాడు. రాస్తున్నాను. కొంత చదివాక ఇది ఆయన అడిగిన రాత కాదని మీకే అర్థమవుతుంది.

బయలుదేరే ముందు

నా కారుకు గేర్లు మార్చే పని లేదు. ఒకటి నొక్కితే కదులుతుంది, ఇంకొకటి నొక్కితే ఆగుతుంది. మొదట మూడేళ్లు దాన్ని రత్నం నడిపాడు. రత్నం మన ఒంగోలు సంఘంలో అందరికీ తెలుసు. యాక్టింగ్ డ్రైవర్. సొంత డ్రైవర్ లేని ఇళ్లవాళ్లు పని పడ్డప్పుడు పిలిస్తే వచ్చి వాళ్ల బండి నడిపి, తాళం చేతికిచ్చి వెళ్లిపోయేవాడు. అతని ఇల్లు గడిచేది దానితోనే. పిలిచేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. నా కూడికల ప్రయాణాలకు మాత్రం ఏనాడూ కూలి తీసుకోలేదు.

పోయిన వేసవిలో వాళ్ల అత్తగారిని నెల్లూరు ఆస్పత్రిలో చూపించడానికి నా కారు అడిగి తీసుకెళ్లాడు. తిరిగొచ్చిన వారానికి బండి తేడా చేయడం మొదలుపెట్టింది. ఆగినచోటి నుంచి కదలమంటే సందేహించేది. ఇంజిను అరిచేది గాని చక్రం కదిలేది కాదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు ఒక్క ఊపున దూకేది. ఇరవై, ముప్పై వేగంలో ఒళ్లంతా వణికేది. ఊళ్లో ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు ప్లగ్గులు మార్చారు. ఇంకొకరు ఇంజిను కింద రబ్బర్లు మార్చారు. ఇద్దరితోనూ ముందే చెప్పాను, డ్రైవర్ మోటుగా నడిపి పాడుచేశాడని. అది విన్నాక వాళ్లు ఇంకేమీ అడగలేదు.

నేను రత్నాన్ని అడగలేదు. సహోదరుడు తప్పు చేశాడనిపిస్తే ముందు ఒంటరిగా అతని దగ్గరికి వెళ్లి మాట్లాడమనే వాక్యాన్ని ఆదివారం బడి పిల్లలకు ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నది నేనే. అయినా వెళ్లలేదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవుల సమయానికి లేచి నిలబడి, "నమ్మి ఇచ్చిన వస్తువును పాడుచేసి, నోరు విప్పి చెప్పనివాళ్ల మనసు కరిగించమని అందరూ ప్రార్థించండి" అన్నాను. పేరు చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది. రత్నం మూడో వరుసలో చాప మీద కూర్చుని ఉన్నాడు. మీరు ఆమేన్ అన్నారు. ఎదురుగా నిలదీసి ఉంటే అతను జవాబు చెప్పుకునేవాడు. ప్రార్థనకు ఎవరైనా ఏం జవాబు చెబుతారు?

ఆ తర్వాత అతన్ని ఎవరూ బండి నడపడానికి పిలవలేదు. రెండు నెలలు చూసి, భార్య సులోచనను తీసుకుని దొరవారిసత్రం దగ్గర అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను.

ఈ యాత్రలో చివరి మజిలీ ఆ దొరవారిసత్రమే. ఆదివారం అక్కడ నేను ఇవ్వవలసిన వాక్య వర్తమానం క్షమాపణ గురించి. రత్నం వస్తాడని తెలుసు. అందరి ముందూ అతన్ని క్షమించానని చెప్పి చేయి అందిద్దామని, ఆ మాటలను కూడా నోటుపుస్తకంలో రాసుకుని బయలుదేరాను.

అల్లూరు

కావలి దాటి, పెద్ద రోడ్డు వదిలి అల్లూరు వైపు తిరిగితే గాలి మారుతుంది. ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల గుంటలు. గుంటల్లో చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. అవి లేకపోతే రొయ్యలకు ఊపిరాడదట. మన వైపు పొలాల మధ్య వినిపించే నిశ్శబ్దం ఇక్కడ ఉండదు, ఎటు చూసినా మోటార్ల హోరే.

ఆ గుంటల మధ్యనే బండి ఆగిపోయింది. స్టీరింగు వెనక పసుపు దీపం వెలిగింది. ఎంత నొక్కినా నత్తలా పాకి, చివరికి పాకడం కూడా మానేసింది. మధ్యాహ్నం ఒంటిగంట. మరియమ్మ గారికి డెబ్బై మూడు. కొంగు నెత్తిన వేసుకుని, "ప్రార్థన చేద్దాం సుగుణా" అన్నారు. ఇద్దరం బండి మీద చేతులుంచి ప్రార్థించాం. పాట పాడాం. తుమ్మచెట్టు నీడలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. దాదాపు గంట తర్వాత తాళం తిప్పితే బండి వెన్నలా కదిలింది.

ఆ సాయంత్రం అల్లూరు కూడికలో నేను సాక్ష్యం చెప్పాను. మనుషుల చేతుల్లో చెడిన బండిని ప్రభువు దారి మధ్యలో స్వస్థపరిచాడని చెప్పాను. నలభై మంది స్తోత్రం అన్నారు. మనుషుల చేతుల్లో అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఒకే మనిషి చేతులు.

మాకు బస ఇచ్చిన విజయమ్మ వాళ్లకు రెండు రొయ్యల గుంటలున్నాయి. పొద్దున వండిన చేపల పులుసు రాత్రికి వడ్డించింది. ఇక్కడ పులుసు వండిన పూట తినరు, ఆగాలట. మనం ఉల్లిపాయ దట్టంగా వేస్తాం, వీళ్లు పులుసు పలచగా పెట్టి మామిడికాయ ముక్కలు వేస్తారు. మూడోసారి వడ్డించుకుంటుంటే ఆమె నవ్వుతూ అడిగింది.

"అక్కా, ఒక మాట అడగతా, కోపం పెట్టుకోబాక. బండి ఎంతసేపు నిలబెట్టినారు?"

"గంట ఉంటుంది."

"మా గుంట మోటారు గూడా అంతేలే. వేడెక్కితే నిలబడిపోద్ది. గంట ఆరబెడితే మళ్లీ తిరుగుద్ది. దానికి మేం ఎప్పుడూ సాక్ష్యం చెప్పలా."

మరియమ్మ గారు నవ్వు ఆపుకోలేక పొలమారి నీళ్లు తాగారు. నాకు ఆ అమ్మాయి విశ్వాసం మీద అనుమానం కలిగింది. పడుకునే ముందు ఆమె కోసం కూడా ప్రార్థించాను. ఇప్పుడు అది తలుచుకుంటే ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

నాయుడుపేట

మర్నాడు శుక్రవారం నెల్లూరులో ఎర్ర కారం దోసె తిన్నాం. యాభై రూపాయలు. చట్నీ అడిగితే కుర్రాడు కాకుండా యజమానే వచ్చి, "కారం ఉండాది గదమ్మా, చట్నీ ఎందుకు?" అన్నాడు. గూడూరు దాటేదాకా బండి బాగానే నడిచింది. నాయుడుపేట కూడలిలో లారీల వెనక ఆగి కదలబోతే మళ్లీ అదే కథ. ఇంజిను అరుస్తోంది, బండి కదలదు, వెనక హారన్లు. అరటిపళ్లు అమ్మే ఆవిడ తోపుడుబండి వదిలి వచ్చి, నా కిటికీ మీద తట్టి, "పక్కకు లాగు మా, వాళ్లు మొత్తుకుంటానే ఉంటారు. ఆ సందులో పెంచలయ్య ఉండాడు, పో" అని చూపించింది.

పెంచలయ్యకు యాభై దాటి ఉంటాయి. నుదుట నామం. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. రేకుల షెడ్డులో దేవుడి పటానికి అప్పుడే కర్పూరం వెలిగించినట్టున్నాడు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ పొగ చూసి గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎప్పుడు వణుకుద్దమ్మా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకా?"

"పోయిన వేసవిలో ఒక డ్రైవర్ మోటుగా నడిపి..."

"డ్రైవర్ సంగతి తర్వాత. బండి సంగతి చెప్పండి. వెనక్కి పోయేటప్పుడు గూడా వణుకుద్దా? వంతెన ఎక్కేటప్పుడు?"

ఎనిమిది నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్నలవి. తడుముకుంటూ చెప్పాను. వేడెక్కాకే ఎక్కువ. వెనక్కి పోయేటప్పుడు కూడా. ఎత్తు ఎక్కేటప్పుడు మరీ ఘోరం. అతను బండి ఆగి ఉండగానే ఇంజిను వేగం పెంచి, బానెట్ మీద అరచేయి పెట్టి చాలాసేపు విన్నాడు. "ఇంజిను బంగారం మాదిరి ఉండాది. ప్లగ్గులు ఎందుకు మార్చినారో" అన్నాడు. తర్వాత చేతి సైజు పెట్టె ఒకటి తెచ్చి స్టీరింగు కింద తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తూపిలిపాళెం రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు నడిపాడు. ప్రతి వణుకుకూ పెట్టెలో అంకెలు చూసి తల ఊపాడు.

"వేడెక్కిన ప్రతిసారీ బండి రాసి పెట్టుకుంటదమ్మా. చాలాసార్లు రాసుకోని ఉండాది."

షెడ్డుకు వచ్చి, చల్లారనిచ్చి, కింద చిన్న మర విప్పి నూనె కొంచెం తెల్ల గుడ్డ మీదకు పట్టాడు. మురికిపట్టిన ఎరుపు. ముక్కు దగ్గర పెట్టుకుని నాకు అందించాడు. మాడిన వాసన.

"ఈ బండి నూనె ఎర్రగా ఉండదు. ఇది వేరే బండ్లది" అన్నాడు. "పిండిమర చూసినారు గదా. మోటారు కాడ ఒక చక్రం, మర కాడ ఒక చక్రం, మధ్యన బెల్టు. మీ బండి కడుపులో గూడా అంతే. బెల్టు ఇనపది, చక్రాలు వెడల్పవతా సన్నబడతా ఉంటాయి. అందుకే గేర్లు లేవు. ఆ బెల్టు కాలిపోగూడదు, జారిపోనూ గూడదు. రెండు పనులూ చేసే నూనె వేరే ఉండాది. అది పొయ్యకుండా ఇది పోసినారు. బెల్టు జారద్ది, పట్టుకుంటది, మళ్లీ జారద్ది. మీకు అది వణుకు."

"ఒక్కసారి మోటుగా నడిపితే ఇలా కాదా?"

"కాదమ్మా. ఇది ఒక ట్రిప్పు పని కాదు, నెలల పని. ఎవురు మార్పిచ్చినారు నూనె?"

ఆ ఎరుపు చూసిన క్షణానే నాకు గుర్తొచ్చింది. అంతకు ముందు క్రిస్మస్ కూడికలు. నూనె కారుతోందని ఒంగోలు బైపాస్ మీద ఒక షెడ్డులో ఆపాం. రత్నం బండి పుస్తకం తెరిచి, "టీచరమ్మా, దీనికి వేరే నూనె రాసుంది. విజయవాడ నుంచి తెప్పిస్తాను, రెండు రోజులు ఆగండి" అన్నాడు. నాకు ఆ సాయంత్రం చీరాలలో వర్తమానం ఉంది. "దేవుని పని మీద వెళ్లే బండి ఇది. ఏ నూనె పోసినా నడిపించేది ఆయనే" అన్నాను. ఉన్నది పోయమని షెడ్డువాళ్లతో చెప్పింది నేను. రత్నం పుస్తకం మూసి లోపల పెట్టాడు.

ఇదంతా గుర్తొచ్చాకే పెంచలయ్యకు జవాబు చెప్పాను.

"మా డ్రైవర్ మార్పించి ఉంటాడు."

మర్చిపోయి అన్నానని రాయగలిగితే బాగుండేది.

అతను సరైన నూనె కోసం ఫోన్ చేశాడు. నెల్లూరులో లేదు, చెన్నై నుంచి బస్సులో రావాలి, రేపటి మాట. మేము భోజనానికి వెళ్లాం. మెస్సులో మరియమ్మ గారు రసం అన్నం కలుపుకుని, తినకుండా కూర్చున్నారు.

"ఆ రోజు వెనక సీట్లో నేనున్నాను సుగుణా."

"తెలుసండీ."

"తెలుసా? మర్చిపోయావేమో, గుర్తు చేద్దామనుకున్నాను." ఒక ముద్ద తిన్నారు. "నువ్వు సంఘంలో ప్రార్థన చేయమన్నప్పుడు నేనూ ఆమేన్ అన్నాను. కారు ఎందుకు పాడైందో నాకేం తెలుసు, చదువుకున్నదానివి నువ్వు చెప్పావు గదా అని. ఇప్పుడు ఆ మెకానిక్ ముందు కూడా ఆమేన్ అనమంటావా?"

సగం అన్నం వదిలేసి షెడ్డుకు తిరిగొచ్చాను. పెంచలయ్య బండి కింద పడుకుని ఉన్నాడు. నాకు అతని పాదాలే కనిపిస్తున్నాయి. ఆ పాదాలకే చెప్పాను, నూనె పోయించింది నేనేనని, డ్రైవర్ వద్దన్నాడని.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు కింద నుంచి.

"పదమూడు నెలలు."

"అది చెప్పినారు, మేలు. బెల్టు ఎంత అరిగిందో లెక్క తెలుస్తది." అంతే. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

ఆ రెండు రాత్రులూ నాయుడుపేట సహవాసంవాళ్ల ఇంట్లోనే ఉన్నాం. శనివారం మధ్యాహ్నానికి నూనె వచ్చింది. అడుగు పళ్లెం విప్పి, అందులోని అయస్కాంతాలను నాకు చూపించాడు. బూడిద రంగు మెత్తటి మడ్డి పట్టి ఉంది. "రవ్వలు లేవు. రవ్వలుంటే కథ అయిపోయినట్టే. ఇంకా బతికే ఉండాది. పాత నూనె ఒక్కసారికి పోదమ్మా, సగం లోపలే నిలబడతది. నెలకొకసారి మూడు తడవలు మార్పిచ్చండి. ఈసారి పుస్తకం చూసి" అన్నాడు. చివరి మాట ఎత్తిపొడుపో, జాగ్రత్తో తెలియలేదు. రెండూ నాకు తగినవే.

దొరవారిసత్రం

నాయుడుపేట నుంచి అరగంట ప్రయాణం. వణుకు చాలావరకు తగ్గింది. ఆదివారం పొద్దున్నే నేలపట్టు చెరువు మీదుగా వెళ్లాం. చెట్ల నిండా గూడబాతులు తెల్లగా, బరువుగా కూర్చుని ఉన్నాయి. పశువులు తోలుకెళ్తున్న ఒక రైతును, ఇన్ని పక్షులు పంట పాడుచేయవా అని అడిగాను. "అవి రాని ఏడే మాకు భయం. వాటి రెట్ట పడిన నీళ్లు పారితే ఎరువే అక్కర్లా" అన్నాడు. మన వైపు కొంగలను డబ్బాలు కొట్టి తోలేస్తాం.

సహవాసం రేకుల పాకలో జరుగుతుంది. ముప్పై మంది. చాలామంది కూలి పనుల వాళ్లు, ఇద్దరు ముగ్గురు పులికాట్ సరస్సు మీద చేపల వేటకు పోయేవాళ్లు. మగవాళ్లు కుడి పక్క, ఆడవాళ్లు ఎడమ పక్క. రత్నం చివర గోడకు ఆనుకుని ఉన్నాడు, పక్కన అతని మామ. సులోచన నాకు వందనం చెప్పింది గాని దగ్గరికి రాలేదు.

నోటుపుస్తకం తెరవలేదు. నిలబడి జరిగింది మొత్తం చెప్పాను. ఒంగోలులో నా ప్రార్థన, అతని పని పోవడం, షెడ్డులో నూనె, అల్లూరు సాక్ష్యం, పెంచలయ్యకు చెప్పిన అబద్ధం. ఏడ్చాను కూడా. చుట్టూ కొందరు ఏడ్చారు. ముగించి కూర్చున్నప్పుడు గుండె తేలికైంది. అంత తేలికవడాన్నే నేను అనుమానించి ఉండాల్సింది.

ఆరాధన అయ్యాక రత్నం నా కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చేపల వాసన. సూళ్లూరుపేట మార్కెట్‌కు చేపల వ్యాను నడుపుతున్నాడట.

"సరైన నూనె దొరికిందా టీచరమ్మా?"

"చెన్నై నుంచి వచ్చింది."

"మళ్లీ రెండు మూడుసార్లు మార్పించండి."

"చెప్పాడు. రత్నం, నన్ను..."

"ఒక మాట చెప్తాను." గొంతు పెంచలేదు. "ఇక్కడ ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు. మా మామకు కూడా. అక్కడ పని తగ్గింది, అందుకని వచ్చామని చెప్పుకున్నాం. నాలుగైదు నెలలు ఆ మాట మీదే తలెత్తుకుని తిరిగాను. ఇప్పుడు మీరు అందరికీ చెప్పారు."

సులోచన వచ్చి అతని పక్కన నిలబడింది. "మా నాయన అడగతాండాడు టీచరమ్మా. ఒంగోలులో నీ మొగుణ్ని గుళ్లో నిలబెట్టి దొంగ మాదిరి చూసినారంట గదా, నాకెందుకు చెప్పలేదు అని. ఏం చెప్పేది?"

ముందు ఒంటరిగా వెళ్లమన్న వాక్యాన్ని రెండోసారి దాటాను. మొదటిసారి నిందకు, రెండోసారి ఒప్పుకోలుకు. రెండుసార్లూ నా ఎదురుగా ఉన్నది జనమే.

"నేనేం చేయను?" అన్నాను.

"నా మాట పోయింది ఒంగోలులో. ఇక్కడ కాదు. అక్కడ చెప్పండి. పేరు పెట్టి."

"నువ్వూ రా. నా పక్కన..."

"రాను. మళ్లీ వాళ్ల మధ్య కూర్చుని నేను తల దించుకోలేను." వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. "ఫోన్ కలిపి పెట్టండి. వింటాను."

అతని మామ దూరంగా బీడీ కాలుస్తూ మా వైపే చూస్తున్నాడు. ఆయనకు వందనం చెప్పబోయాను. ముఖం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఎవరూ పిలవలేదు. ఆ యాత్రలో అన్నం లేకుండా లేచిన ఊరు అదొక్కటే.

తిరిగి వచ్చాక

ఆదివారానికి ముందు శనివారం పాస్టరుగారిని కలిసి సమయం అడిగాను. ఆయన మంచి మనసుతోనే అన్నారు, "ఆ రోజు మీరు పేరు చెప్పలేదు కదమ్మా. ఇప్పుడు మాత్రం పేరెందుకు? పొరపాటు జరిగింది, ప్రార్థించండి అంటే సరిపోతుంది." నేను మూడు నిమిషాలు చాలన్నాను.

వచ్చినవాళ్లు ఆ మూడు నిమిషాలూ విన్నారు. రానివాళ్ల కోసం రాస్తున్నాను. రత్నం నా కారును పాడుచేయలేదు. పాడుచేసింది నేను. అతను వద్దన్నాడు, నేను దేవుని పేరు అడ్డం పెట్టి చేయించాను. తర్వాత అదే దేవుని ముందు నిలబడి, మీ అందరి చేత అతని మీద ఆమేన్ అనిపించాను. ఇది ప్రార్థన మనవి కాదు. దీనికి మీరు ఆమేన్ అననక్కర్లేదు. మళ్లీ మీ బండి నడపడానికి ఒక నమ్మకస్తుడు కావాలంటే ఎవరిని అడగాలో మీకు తెలుసు. అతను వస్తాడో రాడో అతని ఇష్టం.

అలా చెబుతున్నంతసేపూ ఫోన్ నా అరచేతిలోనే ఉంది. మొదటి పాట నుంచి కలిపే ఉంచాను. చెప్పడం అయ్యాక వెనక ఒకరు దగ్గారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే అటు వ్యాను ఇంజిను ఆగకుండా నడుస్తున్న చప్పుడు.

"విన్నాను టీచరమ్మా" అన్నాడు. పెట్టేశాడు.

కూర్చున్నాక మరియమ్మ గారు నా వైపు వంగారు.

"ఏమన్నాడు?"

"విన్నానన్నాడు."

"ఇంకేం?"

"ఇంకేం అనలేదు."